ముస్సోరి సవాయ్ హోటల్లో దెయ్యం ఉందా? కొండ హోటళ్లలో నైట్ డ్యూటీ చేసిన మనిషిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: డిసెంబరు చివర్లో మీరు, మీ ఆవిడ, ఏడేళ్ల పాప, మీ అత్తగారు కలిసి ముస్సోరి వెళ్తున్నారు. సవాయ్ హోటల్లో రెండు రాత్రులకు గదులు బుక్ చేశారు. ఆ తర్వాత మీ ఆవిడ యూట్యూబ్‌లో ఆ హోటల్ దెయ్యం వీడియోలు నాలుగైదు చూసేసరికి ఇంట్లో ఒకటే టెన్షన్. డబ్బు పోయినా ఫర్వాలేదు, క్యాన్సిల్ చేయమంటున్నారు. అందులో నిజమెంత, వెళ్లొచ్చా, వెళితే ఏ గది అడగాలి అని రాశారు.

వెళ్లండి. దెయ్యం గురించి భయపడాల్సిందేమీ లేదు. కానీ శీతాకాలంలో కొండల మీద పాత భవనాల్లో పడుకునేటప్పుడు నిజంగా జాగ్రత్తపడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. దాని గురించి ఏ వీడియోలోనూ చెప్పరు. అది చెప్పడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. మాది రాజమండ్రి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఉత్తరాదికి వెళ్లి, కొండ ఊళ్లలోని పాతకాలం హోటళ్లలో ఇరవై ఏళ్లకు పైగా పని చేశాను. అందులో సగం నైట్ డ్యూటీయే. సవాయ్‌లో నేను ఉద్యోగం చేయలేదు. ముస్సోరిలో ఉన్న రోజుల్లో గెస్టుగానూ, పని మీదా అటు వెళ్లేవాణ్ని. అక్కడి కథ ఆ ఊళ్లో పని చేసే ప్రతివాడికీ కంఠతా వచ్చు. ఎవరు చెప్పినా కొంచెం మారుతుంది, అంతే.

ముందు ఆ కథలో నిజంగా జరిగిన భాగం చెబుతాను. దెయ్యం మాట ఎలా ఉన్నా, అక్కడ ఒక మనిషి చనిపోయిన మాట నిజం.

దెహ్రాదూన్‌కి రైలు వచ్చింది 1900లో. అప్పటిదాకా ముస్సోరి చేరడమే పెద్ద ప్రయాణం. రైలు వచ్చిన రెండేళ్లకే, 1902లో, సవాయ్ తెరిచారు. లక్నోలో బారిస్టరుగా ఉన్న సెసిల్ లింకన్ అనే ఆయన, అంతకుముందు మాడక్ పాదరీ బడి ఉన్న స్థలం కొని కట్టించాడు. బల్లలు, మంచాలు, పియానోలు, బిలియర్డ్స్ టేబుళ్లు అన్నీ ఎద్దుబండ్ల మీద కొండెక్కించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ వంపుల్లో ఒక పియానో ఎక్కించడమంటే ఎంతమంది భుజాలు కాయలు కాచి ఉండాలో మీరే ఊహించుకోండి.

1911లో ఆ హోటల్లో ఫ్రాన్సెస్ గార్నెట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు ఆవిడ దిగింది. వయసు 49. పెళ్లి కాలేదు. వీడియోల్లో అందరూ ‘లేడీ గార్నెట్ ఓర్మ్’ అంటారు గానీ ఆవిడకి అలాంటి బిరుదేమీ లేదు. మామూలు ‘మిస్’. పెళ్లి చేసుకోవాల్సిన ఆఫీసరు పెళ్లికి ముందే చనిపోయాడు. ఆ దుఃఖం ఆవిణ్ని వదల్లేదు. చనిపోయినవాళ్లతో మాట్లాడొచ్చనే నమ్మకంలో పడింది. ఇందులో వింతేమీ లేదు. చదువుకున్న ఇంగ్లీషువాళ్లలో ఆ రోజుల్లో ఆ నమ్మకం బలంగా ఉండేది. ఆత్మల విషయం పరిశోధించడానికి 1882లోనే లండన్‌లో ఒక సొసైటీ పెట్టుకున్నారు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డోయల్ అంతటివాడే ఆ నమ్మకాన్ని పట్టుకుని తిరిగాడు. మనలో హాస్టల్లో చదివినవాళ్లు చాలామంది అట్ట మీద అక్షరాలు రాసి, రూపాయి బిళ్ల మీద వేలు పెట్టి ఆత్మని పిలిచినవాళ్లే. అదే ఆట ఆ రోజుల్లో పెద్దవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, కళ్లనీళ్లతో ఆడేవాళ్లు.

ఆవిడతో పాటు ఈవా మౌంట్‌స్టీఫెన్ అనే స్నేహితురాలు వచ్చింది. ఈవాకి స్ఫటికపు గోళంలో చూసి చెప్పడం, ఆత్మల్ని పిలవడం వచ్చునని పేరు. కొన్నాళ్లు ఇద్దరూ కలిసి ఉన్నారు. తర్వాత ఈవా హోటల్ నుంచి వెళ్లిపోయింది. సెప్టెంబరులో ఒకరోజు ఫ్రాన్సెస్ గదిలో మంచం మీద చచ్చిపడి ఉంది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పరీక్ష చేస్తే ప్రూసిక్ యాసిడ్ అని తేలింది. సయనైడ్ జాతి విషం అది.

ఈవాని అరెస్టు చేశారు. ఫ్రాన్సెస్ వాడే సీసాలో ముందే విషం కలిపి పెట్టి వెళ్లిందని ప్రాసిక్యూషన్ వాదన. ఫ్రాన్సెస్ ఆరోగ్యం, మనసు రెండూ పాడై ఉన్నాయి, తానే తీసుకుని ఉంటుందని ఎదుటి వాదన. 1912లో అలహాబాద్ హైకోర్టులో విచారణ జరిగి, ఈవా నిర్దోషి అని తేలింది. వీలునామా గొడవ కూడా కోర్టుకెక్కింది. అసలా రాత్రి గదిలో ఏం జరిగిందో మాత్రం ఎవరూ తేల్చలేదు. ఇప్పటికీ తేలలేదు.

ఇంతవరకూ జరిగిన విషయం. ఇక్కడి నుంచి కథ ఎలా పెరిగిందో చూడండి, నాకు చాలా ఆసక్తిగా అనిపించిన సంగతి ఇది.

దాదాపు అన్ని వీడియోల్లోనూ ఆవిడ స్ట్రిక్‌నిన్ అనే విషం వల్ల చనిపోయిందని చెబుతారు. స్ట్రిక్‌నిన్ వేరు, ప్రూసిక్ యాసిడ్ వేరు. స్ట్రిక్‌నిన్‌కి ఒళ్లంతా విల్లులా వంగి కొట్టుకుంటూ ప్రాణం పోతుంది. సయనైడ్ జాతి విషానికి నిమిషాల్లో అయిపోతుంది. మరి స్ట్రిక్‌నిన్ ఎక్కడినుంచి వచ్చిందంటే, నవల నుంచి. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ మొదటి నవల 1920లో వచ్చింది. అందులో లోపలి గడియ పెట్టుకున్న గదిలో ఒక పెద్దావిడ స్ట్రిక్‌నిన్ వల్ల చనిపోతుంది. ముస్సోరి కేసు విని క్రిస్టీ ఆ నవల రాసిందని ఊళ్లో గట్టిగా చెబుతారు. గడియ పెట్టిన గది దగ్గర పోలిక ఉంది, కాదనను. కానీ విషాల సంగతి ఆవిడకి ముస్సోరి చెప్పాల్సిన అవసరం లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆవిడ తన ఊరి ఆసుపత్రిలో మందులిచ్చే చోట పని చేసింది. ఏ మందులో ఏది కలిస్తే ఏమవుతుందో రోజూ చేతులతో చేసి నేర్చుకుంది. అలా నవలలోకి వెళ్లిన విషం తిరిగొచ్చి ముస్సోరి కథలో కూర్చుంది. ఇవాళ ఫ్రాన్సెస్ గురించి చెప్పేవాళ్లు, తెలియకుండానే, సగం నవలలోని ఆవిడ గురించి చెబుతున్నారు.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు కూడా కొన్నాళ్లకి విషంతోనే పోయాడని మరో ముక్క కలుపుతారు. రాత్రుళ్లు వరండాల్లో తెల్ల గౌను కనిపిస్తుందని, తలుపు గొళ్లేలు కదుపుతుందని, తనకి విషం ఇచ్చినవాళ్ల కోసం గది గదీ వెతుకుతుందని చెబుతారు. గది నంబరు మాత్రం చెప్పిన ప్రతి ఒక్కరూ వేరేది చెబుతారు. నేను విన్నవే నాలుగు నంబర్లు. మీరు ఏ గది అడగాలన్నారు కదా, ఆ లెక్కన భయపడి మానుకోవాల్సిన గదంటూ ఏదీ లేదు. పైగా హోటల్ చాలాకాలం పాడుబడినట్టు ఉండి, తర్వాత పూర్తిగా బాగుచేసి మళ్లీ తెరిచారు. వందేళ్ల కిందటి గదులు అలాగే ఉన్నాయనుకోకండి.

కథ ఇంతకాలం బతకడానికి కారణం నాకు అర్థమైనంతలో ఒకటే, కేసు తేలకపోవడం. మన ఊళ్లలోనూ చూడండి. కాటికి కాళ్లు చాపి, పిల్లల చేతుల్లో పోయిన ముసలాయన దెయ్యమయ్యాడని ఎవరూ అనరు. బావిలో పడి పోయిన కోడలు, అత్తవారిల్లు నోరు విప్పని కేసు, అర్ధాంతరంగా పోయిన పెళ్లి కావాల్సిన పిల్ల, వీళ్లే చింతచెట్టు మీద కనిపిస్తారు. ఏం జరిగిందో ఊరికి లోపల అనుమానం ఉంటుంది, పైకి అనే ధైర్యం ఉండదు. దాన్నే మనిషి రూపంలో రాత్రిపూట తిప్పుతారు. ఫ్రాన్సెస్ విషయంలోనూ అంతే. సొంత దేశానికి అంత దూరంలో, ఒంటరిగా, దుఃఖంలో ఉన్న ఆడమనిషి. ఆవిణ్ని తెల్ల గౌను దెయ్యంగా చూపించి లైకులు అడుక్కోవడం చూస్తే నాకు బాధేస్తుంది. మీ ఆవిడకి ఈ కథ ఇలా చెప్పి చూడండి. భయం కొంత జాలిగా మారుతుంది.

సరే, మరి గెస్టులకి రాత్రి వినిపించే చప్పుళ్ల సంగతేమిటి? అవి అబద్ధాలు కావు. వాళ్లు విన్నారు, నిజంగానే విన్నారు. నైట్ డ్యూటీలో లాగ్ బుక్‌లో నా చేత్తో నేను రాసినవే వందలున్నాయి.

పాత కొండ హోటల్ అంటే సగం చెక్క. నేల చెక్క, మెట్లు చెక్క, పైన రేకుల కప్పు. పగలు ఎండకి వేడెక్కి సాగుతాయి, రాత్రి చలికి ముడుచుకుంటాయి. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వరసగా టక్, టక్ మని దూలాలు మోగుతాయి. అవి మనిషి అడుగుల్లాగే ఉంటాయి, ఎందుకంటే చివర నుంచి మొదటికి ఒక్కో పలకే సర్దుకుంటుంది. తెల్లవారుజామున రేకుల మీద కొండముచ్చులు దూకితే గుండె ఆగినంత పని అవుతుంది. వేడినీళ్ల గొట్టాల్లో గాలి చేరితే గోడ లోపల ఎవరో పిడికిలితో కొట్టినట్టే ఉంటుంది. పాత పొగగొట్టం మూసేసిన గదిలో, గాలి దిశ మారినప్పుడు, మూలుగు లాంటి చప్పుడు వస్తుంది. అది మూడో అంతస్తులో ఒకలా, కింద ఒకలా ఉంటుంది. ఇవన్నీ మా స్టాఫ్‌కి చుట్టాల గొంతుల్లా అలవాటైపోతాయి. కొత్తగా వచ్చి పడుకున్నవాళ్లకి అలవాటు ఎలా అవుతుంది?

నన్ను నిజంగా వణికించిన రాత్రి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వానాకాలం. సీజన్ అయిపోయి హోటల్లో నాలుగు గదులే నిండాయి. పై అంతస్తు మొత్తానికి తాళం. రాత్రి రెండు దాటాక రిసెప్షన్లో బోర్డు మీద లైటు వెలిగింది, ఆ తాళం వేసిన అంతస్తులోని గది నుంచి ఫోను. ఎత్తాను. అవతల ఊపిరి పీల్చినట్టు బరబరమని చప్పుడు, మాట లేదు. పెట్టేశాను. మళ్లీ మోగింది. చౌకీదారు గఢ్వాలీ పెద్దాయన, అరవై దాటినవాడు, నా ముఖం చూసి టార్చి తీసుకుని లేచాడు. నేను నోట్లో ఆంజనేయ దండకం చదువుకుంటూ వెనకాల నడిచాను. గది తలుపు దగ్గర ఆగి ఆయన ముందు మూడుసార్లు తట్టాడు, ‘మేమ్‌సాబ్, లోపలికి వస్తున్నాం’ అన్నాడు, తర్వాత తాళం తీశాడు. లోపల ఎవరూ లేరు. ఫోను దాని జాగాలోనే ఉంది. గోడ మీద పైనుంచి కింద దాకా తడి చార, ఆ చార సరిగ్గా ఫోను తీగ దిగిన చోటే.

మర్నాడు లైన్‌మన్ వచ్చి విప్పి చూపించాడు. తీగల జాయింటులోకి నీళ్లు దిగి రెండు తీగలూ కలిశాయి. అలా కలిస్తే ఎవరో ఫోను ఎత్తినట్టే ఎక్స్ఛేంజికి లెక్క. దాంతో రిసెప్షన్‌కి మోగుతుంది. చెవిలో వినిపించిన బరబర తడి తీగ చేసే చప్పుడే. నాకు పెద్ద బరువు దిగింది. చౌకీదారు మాత్రం ఏమీ అనలేదు, ఆ రోజు కూడా ఖాళీ గదుల తలుపులు తట్టే లోపలికి వెళ్లాడు. ఆయన నాకు నేర్పిన అలవాటు అది. లోపల ఎవరూ లేరని తెలిసినా తట్టి వెళ్లాలి అనేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. తర్వాత నా కింద పని చేసిన పిల్లలందరికీ అదే నేర్పాను.

చెవికి వినపడని చప్పుడు కూడా ఉంటుందని తర్వాత చదివాను. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజినీరు లాబొరేటరీలో పని చేస్తుంటే ఒళ్లు చల్లబడి, కంటి పక్కన బూడిదరంగు ఆకారం కదిలినట్టు కనిపించింది. మర్నాడు ఫెన్సింగ్ కత్తిని బిగించి పెడితే అది దానంతటదే ఊగుతోంది. వెతగ్గా వెతగ్గా, కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను సెకనుకి 19 సార్ల లెక్కన గాలిని కంపింపజేస్తోందని తేలింది. మన చెవి సుమారు 20 కన్నా తక్కువది పట్టదు, ఒళ్లు మాత్రం పడుతుంది. ఫ్యాను సరిచేశాక ఆకారం రాలేదు. 1998లో ఆయన దాన్ని వ్యాసంగా అచ్చు వేయించాడు. ప్రతి దెయ్యం వెనకా ఫ్యానే ఉంటుందని నేననను. అయితే వంటగది, బాయిలరు, జనరేటరు గోడకి ఆనుకున్న గది మాత్రం వద్దని అడగండి. నిద్ర బాగా పడుతుంది, అంతకన్నా ముఖ్యమైనదేముంది.

‘గుండెల మీద ఎవరో కూర్చున్నారు, అరవబోతే గొంతు రాలేదు’ అనే ఫిర్యాదు కూడా తరచు వస్తుంది. మన ఇళ్లలోనూ వింటూనే ఉంటాం. కలలొచ్చే నిద్రలో ఒళ్లు కదలకుండా మెదడు బిగించి ఉంచుతుంది. ఆ బిగింపు వదలకముందే మెలకువ వస్తే కళ్లు తెరుచుకుంటాయి గానీ వేలు కూడా కదలదు, సగం కల కంటి ముందే నిలబడుతుంది. రాత్రంతా ప్రయాణం చేసి, నిద్ర చాలక, వెల్లకిలా పడుకున్నవాళ్లకి ఇది ఎక్కువ. మీ అత్తగారికి ఇలా అయితే కంగారు పడొద్దనీ, ఒక్క వేలు కదిపే ప్రయత్నం చేయమనీ ముందే చెప్పి ఉంచండి. నిమిషంలో వదిలేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

చాలా ఏళ్ల కిందట, జనవరి నెల. అప్పుడు నేను వేరే కొండ ఊళ్లో, ఇంకో పాత హోటల్లో ఉన్నాను. బయట మంచు పడుతోంది, కరెంటు పోయి వస్తోంది. రాత్రి మూడింటికి మొదటి అంతస్తు గది నుంచి ఫోను. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఆయన గొంతు ముద్దగా ఉంది. ‘గదిలో ఎవరో ఉన్నారు సార్, మంచం పక్కన కూర్చున్నారు, మా ఆవిడ కూడా చూసింది’ అన్నాడు. తాగి ఉన్నాడేమో అనుకున్నాను. అయినా వెళ్లాను. తలుపు తెరవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది, గడియ ఎటు తిప్పాలో చేతికి అందడం లేదు. తెరవగానే వేడిగాలి ముఖానికి కొట్టింది. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి ఉంది. కిటికీ చట్రం చుట్టూ న్యూస్ పేపరు మడిచి దూర్చారు, ఒక్క చీమ దూరేంత సందు లేదు. రెండు మంచాల మధ్య ఇనప కుంపటి, అందులో బొగ్గులు ఎర్రగా, పొగే లేకుండా. బజార్లో ఎవరినో అడిగి తెచ్చుకున్నారట. చిన్న పిల్లాడు వాంతి చేసుకుని అలాగే పడుకుని ఉన్నాడు. ఆవిడ గోడవైపు చూస్తూ కూర్చుంది, పిలిస్తే పలకడం లేదు.

కిటికీ తెరవడానికి చేతులు రాలేదు, అద్దం పగలగొట్టాను. పిల్లలిద్దర్నీ రజాయిలతో సహా ఎత్తుకొచ్చి వరండాలో పడుకోబెట్టాం. నలుగురూ బతికారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆయన ఫోను చేయకుండా, ‘కల’ అనుకుని మళ్లీ పడుకుని ఉంటే తెల్లారేసరికి ఎవరూ లేచేవాళ్లు కాదని డాక్టరు చెప్పారు. ఇప్పటికీ డిసెంబరు వస్తే ఆ గది గుర్తొస్తుంది.

బొగ్గులు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. పొగ పోయి బొగ్గు ఎర్రబడ్డాక కూడా వస్తూనే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెదడుకి గాలి అందక ముందు తలనొప్పి, వికారం, తర్వాత అయోమయం, ఎవరో ఉన్నట్టు, పిలిచినట్టు అనిపించడం. 1921లోనే అమెరికాలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక ఇంటి సంగతి వైద్య పత్రికలో రాశాడు. ఆ ఇంట్లోవాళ్లకి అడుగుల చప్పుళ్లు, ఆకారాలు, పిల్లలు పాలిపోవడం, కుండీల్లో మొక్కలు ఎండిపోవడం. చివరికి చూస్తే ఇల్లు వేడిచేసే కొలిమి చెడిపోయి ఆ వాయువు గదుల్లోకి వస్తోంది. బాగుచేయించాక ‘దెయ్యాలు’ పోయాయి.

ఉత్తరాది కొండ ఊళ్లలో ప్రతి శీతాకాలం మూసిన గదుల్లో అంగీఠీ, అంటే బొగ్గుల కుంపటి, పెట్టుకుని పడుకుని చనిపోయినవాళ్ల వార్తలు వస్తాయి. బాత్రూములో గ్యాస్ గీజరు వల్ల పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే మిమ్మల్ని బతిమాలి చెబుతున్నాను. సవాయ్ అనే కాదు, దారిలో ఎక్కడ ఆగినా, గది వేడిచేసేది కరెంటు హీటరా, ఇంకేమన్నానా అని చెక్-ఇన్ అప్పుడే అడగండి. మండేదేదైనా పడుకునే గదిలో పెట్టనివ్వొద్దు, చలికి అత్తగారు అడిగినా సరే. నీళ్లు కాగేది గ్యాస్ మీదైతే, గీజరు ఆపేశాకే, వెంటిలేటరు తెరిచి ఉంచే స్నానం. పైన ఒక కిటికీ రెండు వేళ్లంత తెరిచి ఉంచి ఇంకో రజాయి అడగండి, ఇస్తారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం అని బ్యాటరీతో పనిచేసేది ఆన్‌లైన్లో దొరుకుతుంది, అరచేతిలో పడుతుంది, ఒకటి కొని సూట్‌కేసులో పడేయండి. ఇంట్లో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే కొండ గాలి పడలేదని సర్దుకోకండి. ముందు గది బయటికి రండి, ఆ తర్వాత ఆలోచించండి.

హోటల్ గురించి ఇంకొక్క మాట, పాపకి చెప్పడానికి పనికొస్తుంది. 1920 మే నెలలో జవహర్‌లాల్ నెహ్రూ తల్లినీ, భార్య కమలనీ ఆరోగ్యం కోసం తీసుకొచ్చి సవాయ్‌లోనే దిగారు. ఇంగ్లీషువాళ్లతో సంధి మాటలకి వచ్చిన అఫ్ఘాన్ ప్రతినిధులు కూడా అదే హోటల్లో ఉన్నారు. వాళ్లతో మాట్లాడనని రాసివ్వమని ప్రభుత్వం అడిగింది. మాట్లాడే ఉద్దేశం ఆయనకి లేదు, కానీ రాసిమ్మంటే రాయనన్నారు. జిల్లా విడిచి పొమ్మన్నారు. అలా సొంత ఊరు అలహాబాద్‌లో ఉండిపోవడం వల్లే ఆ ఎండల్లో ప్రతాప్‌గఢ్ నుంచి నడిచొచ్చిన రైతులు ఆయన్ని కలిశారు, ఆయన వాళ్ల ఊళ్లకి వెళ్లారు. మన దేశపు పల్లె ఎలా ఉంటుందో ఆయన మొదట దగ్గరగా చూసింది అప్పుడే. ఆ మెట్లెక్కుతున్నప్పుడు నాకు తెల్ల గౌను కన్నా ఇదే గుర్తొచ్చేది. కలెక్టర్లకి శిక్షణ ఇచ్చే అకాడమీ కూడా ముస్సోరిలో పాత చార్లెవిల్ హోటల్ స్థలంలోనే ఉంది. మన తెలుగు పిల్లలు ఏటా ఎంతమంది అక్కడికి వెళ్తారో మీకు తెలిసిందే.

గది విషయం: పై అంతస్తు చివరి గది కాకుండా, మెట్లకి దగ్గరగా, మనుషుల అలికిడి ఉండేది అడగండి. రెండు గదులూ పక్కపక్కన ఉండేట్టు చూడండి, పాపని మీ మధ్య పడుకోబెట్టుకోండి. బాత్రూము లైటు వేసి తలుపు ఓరగా పెట్టండి. ఆ రెండు రాత్రులూ పాప ముందు దెయ్యం మాట ఎత్తకండి, వీడియోలు అసలే వద్దు. మీ ఆవిడకి భయం వేస్తే రిసెప్షన్‌కి ఫోను చేయడానికి మొహమాటపడొద్దని చెప్పండి. నైట్ డ్యూటీలో కూర్చున్నవాడు మేలుకునే ఉంటాడు, వచ్చి చూసి వెళ్లడం వాడి పని. మేమెవరం నవ్వుకోం.

ఏడాది చివర కాబట్టి దెహ్రాదూన్ నుంచి పైకి ట్రాఫిక్ విపరీతం, దూరం 35 కిలోమీటర్లే అయినా పొద్దున్నే బయల్దేరండి. సాయంత్రం అయిదింటికల్లా లైబ్రరీ బజారు దగ్గర పడమర కనిపించే చోట నిలబడండి. ఆ నెలల్లో పొద్దు గూకాక ఆకాశంలో, అసలు నేల అంచుకి పైన, ఇంకో గీత గీసినట్టు నారింజ రంగు చార తేలుతుంది. కింద లోయ మీద పేరుకున్న దుమ్ము పొర అంచున వెలుగు అలా చేస్తుంది. వింటర్‌లైన్ అంటారు. ఆకాశం తేటగా ఉంటే పది పదిహేను నిమిషాలు నిలుస్తుంది, ఈలోగా టీ చల్లారిపోతుంది. పాపకి టోపీ, చెవులకి మఫ్లరు మరిచిపోకండి.